ఎస్కో ఫైలు, సాతు ఫైలు

బావమరిది ఉర్హో ఒక సలహా ఊరికే ఇచ్చాడంటే కౌకో హౌతల చచ్చినా నమ్మడు. అటువంటిది ఆ ఆదివారం ఉర్హో తనంతట తానే వచ్చి, చేతిలో కాఫీ కప్పుతో షెడ్డు గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

"బావా, ఆ ఇంజిను కంప్యూటరు ట్యూనింగుకి ఎస్కో దగ్గరికి వెళ్లు. అరగంట పని. సెయ్నయోకి పట్నం దాకా పోయి ఆ రోలర్ల షాపులో డబ్బు తగలెయ్యకు" అన్నాడు.

"నీకెందుకురా అంత బాధ?"

"నాకేం బాధ? నీ డబ్బు, నీ బండి."

"మరి?"

"మరేం లేదు. చెప్పాలనిపించింది, చెప్పాను. అక్క చేసిన బన్నులు ఇంకా ఉన్నాయా?"

ఉర్హో యాలకుల బన్ను నములుతూ కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. ముందు చక్రం దగ్గర వంగి లోపలికి చూశాడు. "బాగుంది" అన్నాడు. ఆ వంగడమూ నచ్చలేదు కౌకోకి, ఆ "బాగుంది" అసలే నచ్చలేదు. ముప్ఫై ఏళ్లుగా తన వస్తువు ఒక్కదాన్నీ మెచ్చుకోని మనిషి ఈ బండిని ఎందుకు మెచ్చుకున్నట్టు?

నిజానికి అది మెచ్చుకోవలసిన కారేమీ కాదు. అద్దాలు పీకేసి, వెనక సీట్లు పారేసి, లోపల ఇనప గొట్టాల పంజరం బిగించిన పాత టర్బో కారు. తలుపుల రంగు ఒకటి, బానెట్టు రంగు ఇంకొకటి. ఫిన్లండు పల్లెల్లో మట్టి ట్రాకుల మీద పరుగెత్తించే జొక్కిస్ పందేలకి ఇలాంటి బళ్లే కావాలి. ఎందుకంటే ఆ పందేలకి ఒక నియమం ఉంది. పందెం అయ్యాక, పాల్గొన్న ఏ కారునైనా సరే, అందరికీ ఒకటే అయిన ఒక చిన్న ధరకి ఎవరైనా అడగవచ్చు. అడిగేవాళ్లు పందెం ఆఫీసు కిటికీ దగ్గర చీటీ వేస్తారు. చీటీలు ఎక్కువైతే లాటరీ తీస్తారు. వచ్చిన పేరుకి కారు ఇచ్చెయ్యాలి, కాదన్నవాడి లైసెన్సు పోతుంది. నువ్వు దానిలో బంగారం పోసినా ధర మాత్రం అదే. డబ్బున్నవాడు గెలవకుండా పెద్దలు వేసిన మంచి అడ్డుకట్ట అది. సొంత బండి మీద సొంతదారు చీటీ వేసుకోవడానికి లేదు. అందుకని మిత్రులు వేస్తారు, వాళ్ల పేరు వస్తే బండి తిరిగి ఇచ్చేస్తారు. కాకపోతే అలా వేసేవాళ్లు ముందుగా వచ్చి చెబుతారు, చెయ్యి కలుపుతారు. చెప్పకుండా వేసిన చీటీ అంటే కాజేయడానికి వేసిన చీటీ అనే ఆ చుట్టుపక్కల లెక్క.

కౌకోకి ఆ కారు పోతే కారు మాత్రమే పోదు. కూతురు మార్యుత్ పోతుంది.

నాలుగేళ్ల కిందట వేసవి పండగ భోజనాల దగ్గర, అందరూ బంగాళాదుంపలు వడ్డించుకుంటూ ఉండగా, తన మోటారు రంపం కనబడడం లేదని కౌకో మాట ఎత్తాడు. ఎత్తినవాడు అంతటితో ఊరుకోక, అల్లుడు యార్కో మొహం మీదే "ఎంతకి అమ్మావు?" అని అడిగాడు. యార్కో చెంచా కింద పెట్టాడు. మార్యుత్ లేచి మొగుడి చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది. మూడేళ్లు ఇటు తొంగి చూడలేదు. ఫోనుల్లో తల్లితో మాట్లాడేది, వెనక కౌకో గొంతు వినబడితే పెట్టేసేది. పోయిన శరదృతువులో ఉర్హో ఆమెని ఎలా ఒప్పించాడో ఏమో, ఒక శనివారం తీసుకొచ్చి ఈ కారు ముందు నిలబెట్టాడు. చిన్నప్పుడు పొలంలో పాత బళ్లు తోలి పెరిగిన పిల్ల. స్పానరు అందుకుంది. ఆ శనివారం తరువాత ప్రతి శనివారం వస్తోంది. యార్కో రోడ్డు మలుపు దాకా దింపి వెళ్లిపోతాడు, గడప తొక్కడు. తండ్రీ కూతుళ్లు బోల్టుల గురించి, బెల్టుల గురించి మాట్లాడుకుంటారు. రంపం మాట ఎవరూ ఎత్తరు. ముఖ్యంగా కౌకో ఎత్తడు.

మార్యుత్‌కి ఒక్కసారి గెలవాలని ఉంది. ఇంజినులో దమ్ముంది కాని దాని కంప్యూటరు దాన్ని ముసలమ్మలా నడిపిస్తోంది. పెట్రోలు ఎంత పొయ్యాలి, నిప్పు ఎప్పుడు వెయ్యాలి, టర్బో ఎంత ఊదాలి అన్నది చెప్పేది ఆ పెట్టే కదా. దానిలో రాసి ఉన్న ఫైలు మార్చాలి. చౌకగా మార్చేవాడు ఎస్కో. ఖరీదుగా మార్చేది సెయ్నయోకి రోలర్ల షాపు సాతు.

సరే చూద్దామని కౌకో ముందు ఒంటరిగా ఎస్కో ఇంటికే వెళ్లాడు. ఎస్కో వంటింటి బల్ల మీద, చేపల జాడీకీ పిల్లికీ మధ్య, లాప్‌టాప్ తెరిచాడు.

"ఏ ఏడాది బండి? ఆఁ. ఉంది ఫైలు. తీసుకురా, ఎక్కించేస్తా."

"ఇంజిను చూడవా?"

"చూసి ఏం చెయ్యను? ఫైలు చూడదు కదా."

"ఇది రాసిందెవరు?"

"పోలండువాడెవడో. మంచివాడే అయ్యుంటాడు."

"ఇది ఎక్కించుకున్న బళ్లు ఎలా ఉన్నాయి?"

"సగం పైనే బాగున్నాయి."

"తక్కినవి?"

"వాళ్లు నాతో మాట్లాడరు కౌకో, నాకెలా తెలుస్తుంది?"

ఎస్కోలో దాపరికం లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కాని కప్పులో కాఫీ పోస్తూ అతను "ఉర్హో చెప్పాడులే, చాలా మంచి బండట. నీకు తక్కువలో చెయ్యమన్నాడు" అన్నాడు. కౌకో కప్పు పక్కకి జరిపాడు. తక్కువలో చెయ్యమనడానికి ఉర్హో ఎవడు? ఎందుకంత ఆత్రం? ఇంటికి వస్తూ దారంతా లెక్క కట్టాడు. ఫైలు సరిపడితే బండి బాగా పరుగెత్తుతుంది, అప్పుడు ఉర్హో చీటీ వేసి ఎత్తుకుపోతాడు. సరిపడకపోతే ఇంజిను పగులుతుంది, పందేల్లో తిరిగే ఉర్హో కొడుకుల బండికి పోటీ పోతుంది. ఎటు తిప్పినా లాభం ఉర్హోదే.

"నీ తమ్ముడు ఏదో పన్నుతున్నాడు" అన్నాడు భార్య ఐలితో.

"మా తమ్ముణ్ణి అనుమానించడానికి నీకొక సెలవు రోజంటూ లేదా?" అందామె, ఉన్నిబట్ట అల్లుతూ తల ఎత్తకుండానే.

ఆ శనివారం తండ్రీ కూతుళ్లు కారుని ట్రెయిలరు మీద ఎక్కించుకుని సెయ్నయోకి వెళ్లారు. సాతు షాపు నేల మీద అన్నం పెట్టుకుని తినవచ్చు, అంత శుభ్రం. అది చూసి కూడా కౌకోకి అనుమానమే వచ్చింది. పని చేసేచోట నూనె మరక లేదంటే ఏమనుకోవాలి?

సాతు నలభై ఏళ్ల మనిషి, పొడుగు, మాట తక్కువ. కారుని రోలర్ల మీద పట్టీలతో కట్టేసింది. ముందు ఒక పెద్ద ఫ్యాను పెట్టింది. ఇంజిను మీద ఒక చిన్న మైకు తగిలించి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, మార్యుత్‌ని యాక్సిలరేటరు తొక్కమంది. చక్రాలు ఉన్నచోటే గిరగిరా తిరిగాయి. షాపు అదిరింది. సాతు చెయ్యి ఎత్తి ఆపించింది.

"మూడో సిలిండరు కొట్టుకుంటోంది. దాని ఇంజెక్టరు సరిగా పెట్రోలు పొయ్యడం లేదు. అది మార్చాకే తక్కిన పని."

"ఇదంతా బిల్లు పెంచడానికా?" అన్నాడు కౌకో.

"నాన్నా" అంది మార్యుత్.

"అడగనివ్వు" అంది సాతు. హెడ్‌ఫోన్లు తీసి అతని చెవులకి పెట్టింది. "తొక్కమ్మా మళ్లీ." కౌకోకి వినబడింది. రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు టకటకమంటోంది. ఎంత అనుమానం మనిషైనా చెవులని ఎక్కడ దాచుకుంటాడు?

"ఇలాగే ఎస్కో ఫైలు ఎక్కించి ఉంటే?"

"ఆ ఫైలుని తప్పు పట్టను. కొత్తలా ఉన్న ఇంజినుకి సరిపోతుంది. కాని అది ఇంకెవరి కళ్లజోడో తెచ్చి పెట్టుకున్నట్టు. పడితే పడుతుంది. మీ బండికైతే రెండో పందెంలోనే పిస్టను కరిగేది." సాతు చేతులు తుడుచుకుంటూ ఆగింది. "ఒక్క మాట. ఇది జొక్కిస్ బండి కదా. జొక్కిస్‌వాళ్లు నా దగ్గరికి రారు. రేపు ఎవడైనా ఇదే చిన్న ధరకి పట్టుకుపోతే నా పని కూడా వాడితోనే పోతుంది. తెలుసుగా?"

తెలుసు. అందుకే జొక్కిస్‌లో తెలివైనవాళ్లందరూ చౌక ఫైలే ఎక్కిస్తారు. కౌకో కూతురి వైపు చూశాడు. మార్యుత్ హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని, ఏమీ అడగకుండా, ఆశగా చూస్తోంది. మూడేళ్ల తరువాత తనవైపు అలా చూసిన పిల్లకి పగిలే ఇంజిను ఎలా ఇస్తాడు?

"కానియ్" అన్నాడు సాతుతో.

సాయంత్రం దాకా తొక్కించింది, ఆపించింది, మీటలు నొక్కింది, మళ్లీ తొక్కించింది. చివరకు ఆ ఇంజిను ఊపిరి తీసుకునే తీరే మారిపోయింది. తిరుగు దారిలో కౌకో అన్నాడు: "ఎవరడిగినా ఎస్కో దగ్గర చేయించామని చెబుదాం. ఎస్కో ఫైలంటే ఎవడూ చీటీ వెయ్యడు."

"మామయ్యకి కూడానా?"

"ముఖ్యంగా మీ మామయ్యకి."

మార్యుత్ కిటికీలోంచి పొలాల వైపు తిరిగింది. మర్నాడు ఉర్హో వచ్చి అడిగితే "నువ్వు చెప్పినట్టే ఎస్కో దగ్గరే చేయించాను" అన్నాడు కౌకో. ఉర్హో అతని మొహంలోకి కొంచెం ఎక్కువ సేపే చూసి, "మంచిది బావా" అని వెళ్లిపోయాడు. ఆ ఎక్కువ సేపు చూడడం కౌకో మనసులో ముల్లులా గుచ్చుకుంది. దొంగ లెక్కలు వేసుకుంటున్నాడు, అనుకున్నాడు.

పందెం కౌహవ ఊరి దగ్గర, పాత కంకర గోతిలో. మంచు కరిగి ఎంతో కాలం కాలేదు, ట్రాకు నిండా బురద. సాసేజీలు కాలుతున్న వాసనా పెట్రోలు వాసనా కలిసిపోయాయి. మొదటి రెండు పరుగుల్లో మార్యుత్ జాగ్రత్తగానే నడిపింది. ఫైనల్లో మాత్రం, మలుపు దాటి బయటికి వచ్చేసరికి ఆ బండి గొంతు విప్పింది. అంతే, తక్కినవాళ్లకి ఆమె చిమ్మిన బురద తప్ప ఏమీ కనబడలేదు. గెలుపు జెండా ఊగింది. కౌకో కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి తుడుచుకుంటూ ఉండగానే పక్కన ఎవడో అన్న మాట చెవిన పడింది: "ఎస్కో ఫైలా? మా బండిలోనూ అదే ఉంది, అది ఇలా పరుగెత్తదేం?"

కౌకో గబగబా ఆఫీసు గది కిటికీ దగ్గరికి వెళ్లి, కాస్త ఎడంగా నిలబడి, కళ్లలో వత్తులు వేసుకుని కాపలా కాశాడు. మార్యుత్ బురద కడుక్కోవడానికి వెళ్లింది. నీలం టోపీ పెట్టుకున్న కొక్కొల ఊరి మనిషి ఒకడు వచ్చి చీటీ వేశాడు. అతని వెనక ఎవరో ఒకావిడ వేసింది. ఆ తరువాత వచ్చాడు ఉర్హో. ఒక్కడూ కాదు, ఇద్దరు కొడుకులనీ, ఊరి పందేల క్లబ్బు మనుషులనీ వెంటేసుకుని, ఒకరి వెనక ఒకరు చీటీలు రాసి ఇచ్చారు. కౌకో కారు నంబరే.

కౌకో వెళ్లి ఉర్హో ముందు నిలబడ్డాడు.

"ఏంట్రా అది?"

"చీటీ."

"నా బండి మీదా?"

"ఊఁ."

"నాకు చెప్పావా?"

"నువ్వు నాకు అన్నీ చెబుతున్నావా బావా?"

అదిగో, ఒప్పేసుకున్నాడు, అనుకున్నాడు కౌకో. లోపల ఇన్నాళ్లుగా పోగైందంతా కట్ట తెంచుకుంది. "మొదటి నుంచీ నీ కన్ను దీని మీదే. ఎస్కో దగ్గరికి ఎందుకు తోశావో నాకు తెలీదనుకున్నావా? వంగి వంగి చూసింది నేను చూడలేదనుకున్నావా? ఒకడివి చాలక ముఠానే తెచ్చుకున్నావు. దొంగ చూపు నేను ఎంత దూరం నుంచైనా పసిగడతాను."

సాసేజీల దగ్గర నిలబడ్డవాళ్లు ఇటు తిరిగారు. ఉర్హో పెద్ద కొడుకు ఏదో అనబోతే ఉర్హో చేత్తో వారించాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"దొంగనా?"

"మరేమనాలి? మగాడివైతే తీసెయ్ ఆ చీటీ. నువ్వూ, నీ వాళ్లూ."

ఆ ప్రాంతం మనుషులు నలుగురిలో దొంగ అనిపించుకున్నాక సంజాయిషీ ఇవ్వరు. నాలుక కోసుకుంటారు కాని ఇవ్వరు. ఉర్హో "సరే బావా" అన్నాడు. కిటికీ దగ్గరికి వెనక్కి వెళ్లి తన చీటీ అడిగి తీసుకున్నాడు. కొడుకులు తీసుకున్నారు. క్లబ్బు మనుషులూ ఒక్కొక్కరే తీసుకున్నారు. ఎవరూ కౌకో వైపు చూడలేదు. చీటీలు చింపి చెత్తడబ్బాలో వేసి, తమ వ్యాను దగ్గరికి నడిచిపోయారు. కౌకో ఊపిరి పీల్చుకున్నాడు. చూశావా, మొహాన అడిగేసరికి అందరూ తోక ముడిచారు అనుకుని మనసులో గర్వపడ్డాడు కూడా.

ఇంతలో కిటికీ చెక్క దించేశారు. ఇక చీటీలు వెయ్యడం కుదరదు. తడి జుట్టు తువ్వాలుతో తుడుచుకుంటూ మార్యుత్ వచ్చింది. ఆఫీసు పెద్దావిడ బల్ల మీద పరిచిన చీటీల వైపు చూసింది. రెండే ఉన్నాయి.

"మామయ్య వాళ్ల చీటీలేవీ?"

"తీయించేశాను" అన్నాడు కౌకో ఛాతీ విరిచి. "కొట్టెయ్యాలని చూశాడు. గట్టిగా అడిగాను."

మార్యుత్ చేతిలో తువ్వాలు అలాగే ఆగిపోయింది.

"నాన్నా, వాటిని వెయ్యమన్నది నేను."

"నువ్వా?"

"సాతు దగ్గర చేయించామని మామయ్యకి ఆ రాత్రే చెప్పేశాను. గెలిస్తే అందరూ ఎగబడతారు, మీరంతా వచ్చి చీటీలు వేసి మా బండి కాపాడండి అని అడిగాను. క్లబ్బువాళ్లని మామయ్యే ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లి పిలుచుకొచ్చాడు. నువ్వు ఎస్కో దగ్గర అని అబద్ధం చెప్పినా నొచ్చుకోలేదు. మీ నాన్న చెప్పుకోలేకపోతున్నాడు, నేను తెలీనట్టే ఉంటాను, వచ్చి చెయ్యి కలిపితే సిగ్గుపడతాడు అన్నాడు."

కౌకో పరుగున బల్ల దగ్గరికి వెళ్లాడు. "అమ్మా, ఒక్క నిమిషం ఆగండి. వాళ్లు మళ్లీ వేస్తారు. నేను పిలుచుకొస్తాను."

"కిటికీ మూసేశాం కౌకో" అంది ఆఫీసు పెద్దావిడ. కటువుగా ఏమీ అనలేదు. ఎన్నో ఏళ్లుగా ఎంతో మందికి చెప్పిన మాట అది. ఆమె రెండు చీటీలనీ మడిచి గిన్నెలో వేసి, తల పక్కకి తిప్పుకుని, ఒకటి తీసింది. కొక్కొల మనిషి.

నీలం టోపీవాడు మంచివాడే. వచ్చి చెయ్యి కలిపాడు. "నిజం చెప్పండి, ఇది ఎస్కో ఫైలు కాదు కదా?" అన్నాడు.

"కాదు. సెయ్నయోకిలో సాతు చేసింది" అన్నాడు కౌకో. ఇక దాచి ఏం చేసుకోవాలి? నీలం టోపీవాడి కళ్లు వెడల్పయ్యాయి. అంత పని ఆ ధరకి తనకి దొరికిందంటే అతనికే నమ్మబుద్ధి కాలేదు. మార్యుత్ సీట్లోంచి తన దిండు తీసుకుని, తాళం అతని చేతిలో పెట్టింది. స్టీరింగు మీద ఒకసారి చెయ్యి వేసి తీసేసింది. కారు తన గొంతుతోనే గుర్రుమంటూ వేరొకరి ట్రెయిలరు మీదికి ఎక్కింది.

కౌకో కూతురి పక్కన నిలబడ్డాడు. "ఇంకొకటి కడదాం. శనివారం రా. ఇంతకంటే మంచిది వెతుకుతాను" అన్నాడు.

మార్యుత్ కోపంగా లేదు. కోపంగా ఉంటే బాగుండునని అతనికి అనిపించింది.

"ఆ రంపం సౌనా స్నానాల గది అటక మీద ఉంది నాన్నా" అంది. "వెనక, పాత తలుపుల చాటున. పోయిన చలికాలం కట్టెల కోసం ఎక్కినప్పుడు చూశాను. దాని మీద గుడ్డ నువ్వే కప్పావు."

రంపం కౌకోకి దొరికింది ఆ గొడవ జరిగిన ఏడాదే, ఆకులు రాలే రోజుల్లో. దొరికిందని ఎవరికీ చెప్పలేదు. చెబితే అల్లుడి ముందు తల వంచాల్సి వస్తుంది కదా. ఇన్ని శనివారాలు ఆ సంగతి కడుపులో పెట్టుకుని తన కూతురు తనకి స్పానర్లు అందించింది.

"నువ్వు చెబుతావని చూస్తున్నాను. యార్కోకి కూడా ఇంకా చెప్పలేదు" అంది. దిండూ హెల్మెట్టూ చంకన పెట్టుకుని ఉర్హో వ్యాను వైపు నడిచింది.

కౌకో ఖాళీ ట్రెయిలరు మీద పట్టీలు చుట్టాడు. చుట్టినవే విప్పి మళ్లీ చుట్టాడు. తరువాత బురదలో కాళ్లు ఈడ్చుకుంటూ వ్యాను దగ్గరికి వెళ్లి కిటికీ మీద తట్టాడు. ఉర్హో అద్దం నాలుగు వేళ్లు పట్టేంత దించాడు. అతని వెనక మార్యుత్ కాగితంలో సాసేజీ పట్టుకుని, అటు వైపు చూస్తూ కూర్చుంది.

"ఏం బావా, ఇప్పుడేం పోయింది?" అన్నాడు ఉర్హో.

"ఏదీ పోలేదురా" అన్నాడు కౌకో. "అప్పుడు రంపం కూడా పోలేదు. ఇంట్లోనే ఉంది. యార్కోకి నేనే చెబుతాను. నన్ను అతని దగ్గరికి తీసుకెళ్లు."

ఉర్హో వెనక్కి తిరిగి మేనకోడలి వైపు చూశాడు. ఆమె సాసేజీ చివరి ముక్క తినేసి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని, తన పక్క సీటు మీద ఉన్న హెల్మెట్ తీసి ఒళ్లో పెట్టుకుని, కొంచెం జరిగి చోటు ఇచ్చింది.